వేరియాక్‌తో వోల్టేజ్ తగ్గిస్తే ఎడ్డీ వాన్ హేలెన్ టోన్ వస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఉంటారు. చేతిలో ప్లెక్సీ (పాత మార్షల్) తరహా 100 వాట్ల ట్యూబ్ హెడ్, అంటే స్పీకర్ లేని ఆంప్ పెట్టె, ఉంది, నాలుగు ఈఎల్34 ట్యూబులు, మాస్టర్ వాల్యూమ్ లేదు. అమెరికా రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్‌లో వినిపించే ఆ గిటార్ టోన్, అందరూ బ్రౌన్ సౌండ్ అనేది, మీకు కావాలి. ఆ బ్యాండ్ గిటారిస్టు ఎడ్డీ తన మార్షల్ ఆంప్‌కి వేరియాక్ (గోడ నుంచి వచ్చే వోల్టేజ్‌ను పెంచే, తగ్గించే పరికరం) పెట్టి వోల్టేజ్‌ను 90కి తగ్గించేవాడని చదివారు. మీ నాన్నగారి మోటార్ వైండింగ్ షాపులో డిమ్మర్‌స్టాట్ ఉంది, అదీ వేరియాకే. దాన్ని 90 మీద పెట్టి ఆంప్ తగిలిస్తే ఆ టోన్ వస్తుందా, ఆంప్‌కి ఏమన్నా అవుతుందా, పాత కాలం ట్యూబులు వెతికి కొనాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. 90 మీద పెట్టకండి. ఆ 90 అమెరికా లెక్క. అక్కడ గోడ ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు. 120లో 90 అంటే ముప్పావు వంతు. మన 230లో ముప్పావు వంతు 172 అవుతుంది. ఇక వోల్టేజ్ తగ్గిస్తే టోన్ మారుతుందా అంటే మారుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ మీరు ఆ ఆల్బమ్‌లో వింటున్న దాంట్లో వేరియాక్ వాటా చాలా తక్కువ. ఆంప్ కాసేపటికే పాడైపోదు గానీ, తెలియకుండా పాడుచేసుకునే దారులు రెండు మూడు ఉన్నాయి, అవి కింద రాస్తాను.

హైదరాబాద్‌లో ట్యూబ్ ఆంప్‌లు బాగుచేయడం నా పని. బ్యాండ్ల వాళ్లు, చర్చిల్లో వాయించే వాళ్లు, ఇంట్లో ఒక్క గది నిండా సామాను పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు వస్తుంటారు. టోన్ గురించి అడిగేవాళ్లలో సగం మంది చివరికి ఈ వేరియాక్ దగ్గరికే వస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఆంప్‌కి 90 ఇస్తే ఏమవుతుందో ముందు చూద్దాం. దానికి కావాల్సిన దాంట్లో అందేది 39 శాతమే. ట్యూబులో ఫిలమెంటుకి 6.3 వోల్టులు రావాల్సిన చోట రెండున్నర కూడా రావు. ఫిలమెంటు సరిగా ఎర్రబడదు, కాథోడ్ వేడెక్కదు, వేడెక్కకపోతే ఎలక్ట్రాన్లు బయల్దేరవు. స్పీకర్‌లో శబ్దమే ఉండదు, ఉన్నా చెవి ఆనించి వినాలి. మీరేమో ఆంప్ పోయిందనుకుని కంగారు పడతారు.

తమాషా ఏమిటంటే ఎడ్డీ కథ మొదలైంది కూడా దాదాపు ఇలాగే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మార్షల్ ఒకటి కొన్నాడు. అది 220 వోల్టులకు వైరింగ్ చేసింది. ఆ సంగతి తెలియక కాలిఫోర్నియాలో మామూలు ప్లగ్గులో పెట్టేశాడు. చాలాసేపటి దాకా శబ్దమే లేదు. తర్వాత వచ్చింది, కానీ బాగా చిన్నగా. ఆ చిన్న శబ్దంలోనే నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పిన ఆంప్ ఎలా మోగుతుందో ఆ లక్షణమంతా ఉంది. అది విన్నాక ఇంట్లో లైటు డిమ్మర్‌కి ఆంప్ కలిపి చూశాడు, ఇంటి ఫ్యూజ్ ఎగిరిపోయింది. ఆ తర్వాత షాపుకి వెళ్లి వేరియాక్ తెచ్చుకున్నాడు. ఇదంతా ఆయన ఇంటర్వ్యూల్లో స్వయంగా చెప్పిందే. హాలు ఎంత పెద్దదో చూసుకుని వోల్టేజ్ పెంచుతూ తగ్గిస్తూ, వేరియాక్‌నే వాల్యూమ్ నాబ్‌లాగా వాడుకునేవాడినని కూడా అన్నాడు. చిన్న క్లబ్బుల్లో 100 వాట్ల మార్షల్‌ని పూర్తిగా తెరిచి వాయిస్తే జనం లేచి వెళ్లిపోతారు కదా. ఆ ఇబ్బంది నుంచి బయటపడటానికి వెతుక్కున్న దారి అది.

అయితే తొలి రోజుల ఇంటర్వ్యూల్లో ఆయన దీనికి పూర్తిగా రివర్స్‌లో చెప్పాడు. వేరియాక్‌తో వోల్టేజ్ 140 దాకా పెంచుతానన్నాడు. రహస్యం దాచడానికి అన్నాడో, ఆటపట్టించడానికి అన్నాడో గానీ, ఆ మాట నమ్మి ఆంప్‌లు కాల్చుకున్నవాళ్లు చాలామంది. ఇప్పటికీ ఆ 140 నెట్‌లో తిరుగుతూనే ఉంది. వోల్టేజ్ పెంచే ఆలోచన అసలే వద్దు. 120కి 140 అంటే మన లెక్కలో 268. ట్యూబు ప్లేటు మీద 480 ఉండేది 560కి పోతుంది, ఫిలమెంటు 7.3 వోల్టులు దాటుతుంది, కెపాసిటర్లు తమ హద్దు దాటి నడుస్తాయి. నా దగ్గరికి ఒక కుర్రాడు తెచ్చిన ఆంప్ ఇలాగే అయింది. స్టెబిలైజర్ లోపల ట్యాప్ మార్పించి 270 దాకా ఇప్పించాడట. తెరిచి చూస్తే రెండు ఈఎల్34లు షార్ట్, స్క్రీన్ రెసిస్టర్లు బొగ్గు, వాటి కింద బోర్డు గోధుమరంగుకి మాడిపోయి ఉంది. అతనికి దొరికిన బ్రౌన్ అదొక్కటే.

సరే, తగ్గిస్తే ఏమవుతుంది?

మామూలుగా మీలాంటి ఆంప్‌లో ఈఎల్34 మూడో పిన్ (ప్లేటు) మీద మీటర్ పెడితే 470, 480 చూపిస్తుంది. వేరియాక్‌ని ముప్పావుకి దించితే అదే పిన్ మీద 360 దగ్గర ఉంటుంది. ముందున్న ప్రీఆంప్ ట్యూబులకు, ఫేజ్ ఇన్వర్టర్‌కి (సిగ్నల్‌ని రెండుగా విడగొట్టి పవర్ ట్యూబులకు పంపే భాగం) వెళ్లేవి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతాయి. తగ్గనిది ఒక్కటే, మీ గిటార్ నుంచి వచ్చే సిగ్నల్. అదే పికప్, అదే చెయ్యి. గది కప్పు ఓ అడుగు కిందికి దించి, అదే ఆరడుగుల మనిషిని లోపల నిలబెట్టినట్టన్నమాట, తల తగలక తప్పదు. లెక్క ప్రకారం మీరు ముందుకంటే 33 శాతం గట్టిగా ఆంప్‌ని కొట్టినట్టు. డిస్టార్షన్, అంటే శబ్దం గరుకెక్కడం, త్వరగా మొదలవుతుంది, ఒక్క ప్రీఆంప్‌లోనే కాకుండా అన్ని స్టేజీల్లోనూ కాస్త కాస్త మొదలవుతుంది. మామూలు డిస్టార్షన్ పెడల్‌తో రానిది ఇదే, పెడల్ ముందు భాగాన్ని మాత్రమే నొక్కుతుంది.

చేతికి ఎలా ఉంటుందో చెప్తాను. ఆరో తీగ మీద అరచేతి అంచు ఆనించి డౌన్‌స్ట్రోక్ కొట్టండి. 230 దగ్గర అది టక్కున తగులుతుంది, పిక్ తీగని వదిలిన క్షణం స్పష్టంగా వినిపిస్తుంది. 172 దగ్గర ఆ మొదటి దెబ్బ కాస్త మింగేసినట్టు ఉంటుంది, వెంటనే వెనక నుంచి నోట్ ఉబ్బి పైకి వస్తుంది. ట్రెబుల్‌లో ఉండే గీతలాంటి పదును తగ్గుతుంది. సోలో వాయిస్తుంటే నోట్లు ఒకదానిలోంచి ఒకటి జారినట్టు ఉంటాయి, ఎడమ చేతితో చేసే హ్యామర్‌లు, పుల్‌లు పిక్‌తో కొట్టిన వాటితో సమానంగా పలుకుతాయి. రెండు చేతులతో ట్యాపింగ్ చేసేవాడికి ఇది ఎంత ఉపకారమో ఆలోచించండి. బాస్ మాత్రం వదులవుతుంది, మరీ దించితే బురద బురదగా ఉంటుంది.

దీన్నంతా చాలామంది రెక్టిఫయర్ ట్యూబు (ఏసీని డీసీగా మార్చే ట్యూబు) వల్ల వచ్చే సాగ్, అంటే గట్టిగా వాయించినప్పుడు లోపలి వోల్టేజ్ కుంగడం, అంటారు. మీ ఆంప్‌లో గానీ ఎడ్డీ వాడిన మార్షల్ సూపర్ లీడ్‌లో గానీ రెక్టిఫయర్ ట్యూబే లేదు, సిలికాన్ డయోడ్‌లు ఉంటాయి. సాగ్ అంటూ ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర పుడుతుంది. కాబట్టి ఎవరైనా రెక్టిఫయర్ ట్యూబు పెట్టిస్తే బ్రౌన్ సౌండ్ వస్తుందని చెబితే నవ్వి ఊరుకోండి.

ఎండాకాలం సాయంత్రాలు పల్లెల్లో లో వోల్టేజ్ వస్తుంది చూడండి, ట్యూబ్‌లైటు వెలగదు, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. అప్పుడు స్టెబిలైజర్ లేకుండా ట్యూబ్ ఆంప్ వేస్తే మీకు ఉచితంగా వేరియాక్ దొరికినట్టే. నిజంగానే మా కస్టమర్ ఒకాయన, ఊళ్లో వాయిస్తే ఆంప్ తియ్యగా ఉంటుంది, సిటీకి తెస్తే బిరుసుగా ఉంటుంది, ఏదో లోపం ఉంది చూడండి అని తెచ్చాడు. ఏ లోపమూ లేదు. ఊళ్లో 190 వస్తోంది, ఇక్కడ 240 వస్తోంది, అంతే.

ఇప్పుడు మీకు నచ్చని లెక్క ఒకటి. ముప్పావు వోల్టేజ్ దగ్గర కూడా మీ ఆంప్ 55 వాట్ల పైమాటే. పవర్ వోల్టేజ్ వర్గంతో తగ్గుతుంది: 0.75 ఇంటూ 0.75, అంటే 0.56. డెసిబెల్స్‌లో చెబితే రెండున్నర తగ్గుతుంది. మన చెవికి శబ్దం సగమైందనిపించాలంటే దాదాపు పది డెసిబెల్స్ తగ్గాలి. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో వాయించుకోవడానికి వేరియాక్ కొనుక్కుంటే కింది ఇంటివాళ్లు వచ్చే సమయంలో తేడా ఏమీ ఉండదు. ఎడ్డీలాగా దాన్ని వాల్యూమ్ నాబ్‌గా వాడాలంటే ఇంకా కిందికి దించాలి, అంత దించితే ఫిలమెంటు చల్లారిపోయి ట్యూబులు సరిగా పనిచేయవు. 172 దగ్గరే ఫిలమెంటుకి 4.7 వోల్టులు వస్తాయి. ట్యూబుల తయారీదార్లు ఒప్పుకునేది పది శాతం అటూ ఇటూ, అంటే కనీసం 5.7. అప్పుడప్పుడు రికార్డింగ్‌కి ఒకట్రెండు గంటలు నడిపితే ఏమీ కాదు గానీ, రోజూ అలాగే నడిపితే కాథోడ్ ఆయుష్షు తగ్గుతుంది. ఈ కారణంగానే ఫిలమెంటుని 6.3 దగ్గరే ఉంచి, ప్లేటు వోల్టేజ్ మాత్రమే తగ్గించే పవర్ స్కేలింగ్ సర్క్యూట్లు వచ్చాయి. వేరియాక్‌కంటే అది మంచి పద్ధతి, కానీ ఆంప్ తెరిచి పెట్టించాలి.

మరి ఆల్బమ్‌లో వింటున్నదేమిటి? ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది.

ఆ మొదటి ఆల్బమ్ 1977లో హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో రికార్డయి, 1978 ఫిబ్రవరిలో వచ్చింది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజనీర్ డాన్ ల్యాండీ. ఇప్పుడు మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అందులో ఏదో ఒక పాట వినండి. కుడి చెవిలోది తీసేయండి. ఎడమ చెవిలో వినిపించేది దాదాపు పొడిగా ఉండే గిటార్. ఇప్పుడు ఎడమది తీసి కుడిది పెట్టండి. గిటార్ దూరంగా, ఒక పెద్ద గదిలో మోగుతున్నట్టు వినిపిస్తుంది. అది సన్‌సెట్ సౌండ్‌లోని ఎకో చాంబర్, అంటే నిజమైన గది. స్పీకర్‌తో శబ్దాన్ని అందులోకి పంపి, తిరిగి మైక్‌తో పట్టుకుంటారు. గిటార్ ఒక్కటే, రెండోది వాయించి కలపలేదు చాలా చోట్ల. ఆ నిండుదనం, ఆ వెడల్పు ఆంప్‌లోంచి వచ్చినవి కావు, ఆ గదిలోంచి వచ్చినవి. మీ ఇంట్లో ఆంప్ ముందు కూర్చుని అది రావడం లేదని నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటే తెల్లవార్లూ రాదు.

రెండోది గెయిన్. మీరు అనుకుంటున్న దానికంటే ఆ టోన్‌లో డిస్టార్షన్ తక్కువ. నాలుగు గెయిన్ స్టేజీలున్న ఆధునిక ఆంప్‌లకి అలవాటు పడ్డ చెవి దాన్ని ఎక్కువగా ఊహించుకుంటుంది. నేను షాపులో కుర్రాళ్లకి ముందు ప్లెక్సీ తెరిచి వినిపిస్తే, ఇంతేనా అంటారు. పక్కనే ఆల్బమ్ పెడితే నోరు మూస్తారు. అంత తక్కువ డిస్టార్షన్‌తో అంత సాఫీగా పలికిందంటే, అది చేతి బలం. ఎడ్డీ పిక్‌ని బొటనవేలికి, మధ్యవేలికి మధ్య పట్టుకునేవాడు, చూపుడువేలు ట్యాపింగ్‌కి ఖాళీగా ఉండేది. ఆయన లయ చూడండి, ప్రతి నోట్ ఎంత బరువుతో పడుతుందో గమనించండి. అదంతా ఆంప్ ఖాతాలో రాసేస్తున్నాం మనం.

గిటార్ సంగతి అందరికీ తెలిసిందే. 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కలిపి తనే బిగించుకున్నాడు. గిబ్సన్ ఈఎస్-335 గిటార్ నుంచి తీసిన పాత హంబకర్‌ని (రెండు కాయిల్స్ ఉండే పికప్), కీచుమనకుండా కరిగిన మైనంలో ముంచి, సరాసరి చెక్కకి స్క్రూలతో బిగించాడు. ఒక్క పికప్, ఒక్క వాల్యూమ్ నాబ్. టోన్ కంట్రోల్ లేకపోవడం వల్ల పైభాగం కాస్త ఎక్కువ దాటి వస్తుంది. తీగలు అర మెట్టు కిందికి ట్యూన్ చేసేవాడు, దాంతో తీగ మెత్తగా వంగుతుంది, నోట్ బరువుగా పడుతుంది. ఈ అర మెట్టు సంగతి మర్చిపోయి ఎంతమంది ఆంప్ మార్చారో! పైసా ఖర్చు లేదు, ఇవాళే చేసి చూడండి.

ఆంప్‌కి ముందు ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90, ఫ్లాంజర్ అనే ఎఫెక్ట్ పెడళ్లు, ఎకోప్లెక్స్ అనే టేప్ ఎకో యూనిట్ ఉండేవి. ఎకోప్లెక్స్ ఎకో వేయకపోయినా దాని లోపలి ప్రీఆంప్ గుండా సిగ్నల్ వెళ్తూ కాస్త మారుతుంది. ఫేజ్ 90ని నిదానంగా తిరిగేటట్టు పెట్టి సోలోల్లో వాడేవాడు, అది మిడ్‌రేంజ్‌ని కదిలిస్తుంది. ఆంప్‌లో రహస్యంగా ఏదో మోడిఫికేషన్ చేయించాడని పుకార్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఎడ్డీ మాత్రం తర్వాతి ఇంటర్వ్యూల్లో అది మామూలు ఆంపేనని అన్నాడు.

ఒక చిన్న పక్కదారి. ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్టు ఆంగస్ యంగ్ టోన్ కోసం కూడా జనం ఏళ్ల తరబడి మార్షల్‌లు మార్చారు, ట్యూబులు మార్చారు, ట్రాన్స్‌ఫార్మర్లు మార్చారు. చివరికి తేలిందేమిటంటే, ఆయన అప్పట్లో స్టేజీ మీదా స్టూడియోలోనూ వాడిన షాఫర్-వేగా వైర్‌లెస్ యూనిట్ చాలా పని చేస్తోందట. సిగ్నల్‌ని అణిచి పంపి, అక్కడ మళ్లీ విప్పే దాని సర్క్యూట్, ఆంప్‌ని నెట్టేంత బూస్ట్, ఈ రెండూ కలిసి ఆ పదును ఇచ్చాయి. ఆంప్‌లో వెతికినంతకాలం దొరకలేదు, అది గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య ఉంది. ఎడ్డీ విషయంలో చాలా భాగం ఆంప్ దాటిన తర్వాత ఉంది.

నేను వచ్చినవాళ్లకి చేసే చిన్న పరీక్ష ఒకటి చెప్తాను. ఆంప్‌ని లోడ్ బాక్స్‌కి (స్పీకర్ బదులు ఆంప్ పవర్‌ని మింగే పెట్టె) కలిపి, అదే రిఫ్ 230 దగ్గర ఒకసారి, 172 దగ్గర ఒకసారి రికార్డు చేస్తాను. లెవెల్ రెండింటికీ సమానం చేసి వినిపిస్తాను. వాయించేటప్పుడు ప్రతివాడూ తేడా టక్కున పట్టేస్తాడు, వేళ్లకి తెలిసిపోతుంది. రికార్డింగ్ వింటూ ఏది ఏదో చెప్పమంటే తడబడతారు, చాలాసార్లు వాయించినవాడే తప్పు చెబుతాడు. అంటే వేరియాక్ ఎక్కువగా వాయించేవాడి సౌఖ్యం. తన చేతికి ఆంప్ అలా లొంగి ఉంది కాబట్టి ఎడ్డీ అలా వాయించగలిగాడు అంటే ఒప్పుకుంటాను. వేరియాక్ వల్ల రికార్డులో ఆ శబ్దం వచ్చిందంటే ఒప్పుకోను.

ఇవన్నీ విన్నాక కూడా డిమ్మర్‌స్టాట్ పెట్టి చూడాలనుంటే, పెట్టండి, నేనేమీ ఆపను. కానీ ఇవి గుర్తుంచుకోండి.

ఎర్త్ ముందు చూసుకోండి. వైండింగ్ షాపుల్లో ఉండే డిమ్మర్‌స్టాట్‌లకి చాలావరకు ఎర్త్ లేకుండా రెండు వైర్లే బయటికి తీసి ఉంటారు. మీ గిటార్ తీగలు ఆంప్ చాసిస్‌కే (లోపలి లోహపు పెట్టెకే) కలిసి ఉంటాయి, దానికి ఎర్త్ లేకపోతే ప్రమాదం. లోపల ఏదైనా లీకేజ్ ఉంటే తీగ పట్టుకుని మైక్‌కి పెదవి ఆనించిన క్షణం తెలుస్తుంది. ఎర్త్ వైరు గోడ నుంచి ఆంప్ దాకా నేరుగా రావాలి. ఇంకో అపోహ, డిమ్మర్‌స్టాట్ ఐసొలేషన్ ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. ఒకే వైండింగ్ మీద తిరిగే ఆటోట్రాన్స్‌ఫార్మర్ అది, గోడలోని ఫేజ్ దానిలోంచి నేరుగా వస్తుంది.

డయల్ మీద రాసిన అంకెల్ని నమ్మకండి, మల్టీమీటర్‌తో కొలవండి. మన దగ్గర దొరికే డిమ్మర్‌స్టాట్‌లు 0 నుంచి 270 దాకా పోతాయి. ఎవరో మోచెయ్యి తగిలించి 270కి తిప్పితే పైన చెప్పిన కుర్రాడి కథే. నేనైతే డయల్ 230 దాటకుండా చిన్న స్క్రూ అడ్డం పెడతాను. రేటింగ్ 4 ఆంపియర్లది ఉంటే చాలు.

ఫ్యాన్ రెగ్యులేటర్, లైటు డిమ్మర్ వాడకూడదు. లైటు డిమ్మర్లు, కొన్ని రకాల ఫ్యాన్ రెగ్యులేటర్లు వోల్టేజ్‌ని సాఫీగా తగ్గించవు, వేవ్‌ని ముక్కలుగా కోస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, స్పీకర్‌లో బరబర వస్తుంది. ఎడ్డీ ఇంటి ఫ్యూజ్ ఎగిరింది దీనితోనే కదా.

బయాస్ (వాయించకుండా ఉన్నప్పుడు ట్యూబు ఎంత కరెంటు లాగాలో పెట్టే సెట్టింగు) జోలికి వెళ్లొద్దు. ఇది ఎక్కువమంది ఆంప్ పాడుచేసుకునే చోటు. వోల్టేజ్ తగ్గించినప్పుడు ట్యూబులు చల్లగా నడుస్తాయి. 480 దగ్గర 36 మిల్లీఆంపియర్లు లాగే ట్యూబు, 360 దగ్గర 23 దాకా పడిపోతుంది. దాంతో కొందరు టెక్నీషియన్లు అక్కడే బయాస్ పెంచి 48కి తెస్తారు. వాయిస్తుంటే బాగుంటుంది. తర్వాత ఎప్పుడో వేరియాక్ లేకుండా నేరుగా గోడకి పెడతారు. అప్పుడు అదే ట్యూబు 70 మిల్లీఆంపియర్లు దాటి లాగుతుంది, 480 వోల్టుల దగ్గర అంటే 34 వాట్లు. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25. చీకట్లో చూస్తే లోపలి లోహపు రేకు ఎర్రగా మెరుస్తుంటుంది. ఫిలమెంటు నారింజ రంగు వేరు, ఈ ఎరుపు వేరు, ఒకసారి చూస్తే మర్చిపోరు. అలా కనిపిస్తే ఆలోచించకుండా స్విచ్ ఆపేయండి. తగ్గించిన వోల్టేజ్‌కి బయాస్ చేసిన ఆంప్ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి పంపుతాను నేను.

ఆంప్ తెరిచి మీరే ఏదో కొలుద్దామని మాత్రం అనుకోకండి. ప్లగ్ తీసేసినా ఆ కెపాసిటర్లలో 400 పైన వోల్టులు నిలిచి ఉంటాయి. మోటార్ వైండింగ్ తెలిసినవారు కాబట్టి మీ నాన్నగారికి ఆ మాట చెబితే చాలు, ఆయనే మిమ్మల్ని దగ్గరికి రానివ్వరు.

172కి వెళ్లకుండా 210 దగ్గర మొదలుపెట్టండి. ఫిలమెంటు హద్దులోనే ఉంటుంది, ప్లేటు వోల్టేజ్ 430 చుట్టూ ఉంటుంది, చేతికి తేడా తెలుస్తుంది. అసలు డిమ్మర్‌స్టాట్‌కి నిజమైన ఉపయోగం కూడా ఇదే. 220కి చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మర్లున్న ఆంప్‌లకి ఇవాళ 240 వస్తుంటే, దాన్ని 220కి దించి నడపడం ఆంప్‌కి మేలు.

మీ స్థానంలో నేనుంటే డబ్బు ఎక్కడ పెడతాను? మొదట మంచి రియాక్టివ్ అటెన్యుయేటర్. ఆంప్‌కీ క్యాబినెట్‌కీ మధ్య ఉంటుంది, నాబ్‌లన్నీ పదిమీద పెట్టినా శబ్దం ఇంట్లో వాయించుకునేంతకి తగ్గుతుంది. ప్లెక్సీని పూర్తిగా తెరిస్తే 100 వాట్లు కాదు, 150 దాటి ఇస్తుంది, కాబట్టి అంత తట్టుకునేది చూసి కొనండి. ఓమ్‌లు ఆంప్‌తో సరిపోవాలి. లోడ్ లేకుండా, అంటే స్పీకర్ గానీ అటెన్యుయేటర్ గానీ తగిలించకుండా, ఆంప్‌ని ఒక్క నిమిషం కూడా వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని ధరకి ఇంకో చిన్న ఆంప్ వస్తుంది. మరీ చిన్న శబ్దానికి దించితే టోన్ కాస్త మూసుకుపోతుంది, ఎందుకంటే స్పీకర్ కదలదు, చెవి కూడా తక్కువ శబ్దంలో బాస్‌ని, పైభాగాన్ని తక్కువగా వింటుంది. దానికి మందు లేదు, ప్రెజెన్స్ కాస్త పెంచుకోవడమే.

రెండోది స్పీకర్లు. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ రకం 25 వాట్లవి నాలుగు. ఆ మెత్తటి మిడ్‌రేంజ్ సగం వాటిదే. నాలుగూ కలిపి తట్టుకునేది 100 వాట్లే, ఆంప్ పూర్తిగా తెరిచి నేరుగా వాటికిస్తే కాయిల్స్ కాలతాయి, అటెన్యుయేటర్ మధ్యలో ఉండనివ్వండి. ఇంట్లో నాలుగు స్పీకర్ల క్యాబినెట్‌కి చోటు లేకపోతే ఒకటి చాలు, లేదా లోడ్ బాక్స్ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకుని గ్రీన్‌బ్యాక్ ఇంపల్స్ (ఆ స్పీకర్ శబ్దాన్ని అనుకరించే ఫైల్) వేసుకోండి. అలా చేస్తే గిటార్‌ని పూర్తిగా ఎడమకి తోసి, దాని రివర్బ్‌ని (గది ప్రతిధ్వనిని) మాత్రం కుడికి పంపడం రెండు నిమిషాల పని. పొడి సిగ్నల్‌లో రివర్బ్ ఉండకూడదు, రివర్బ్ మీద పొడి సిగ్నల్ ఉండకూడదు. చాంబర్ రకం ఎంచుకుని, డికే (ప్రతిధ్వని ఆరిపోయే సమయం) రెండు సెకన్ల లోపు పెట్టండి. నా దగ్గరికి వచ్చినవాళ్లు ఇది విన్నాక, వేరియాక్ గురించి అడగడం మానేశారు చాలామంది.

గిటార్‌లో పికప్ బాగా హాట్‌గా ఉంటే మార్చండి. పాత తరహా తక్కువ అవుట్‌పుట్ హంబకర్ కావాలి, సిరామిక్ మాగ్నెట్ మెటల్ పికప్‌లతో ఈ ఆంప్ బురదైపోతుంది.

ఇక పాత కాలం ట్యూబులు. కొనకండి. వాటి పేరు మీద అమ్మేవాటిలో అరిగిపోయినవి, పైన ప్రింటు మార్చినవి బోలెడు. ఇప్పుడు తయారవుతున్న ఈఎల్34లు నాలుగు మ్యాచ్ చేసినవి తీసుకుని, 230 దగ్గర సరిగా బయాస్ చేయిస్తే చాలు. మిగిలిన డబ్బుతో అసలైన స్పీకర్ కేబుల్ ఒకటి కొనండి. హెడ్‌కీ క్యాబినెట్‌కీ మధ్య గిటార్ కేబుల్ పెట్టి వాయిస్తున్నవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆ సన్నటి వైరు ఈ పవర్‌కి వేడెక్కి, ఏదో ఒక రోజు తెగుతుంది లేదా షార్ట్ అవుతుంది. మీది ఏ కేబులో ఇప్పుడే చూసుకోండి.